వరద మీద రాస్తే మనసులో ఉన్నదంతా రాయాలా?

లంకమావయ్య: 2022 జూలై గోదావరి వరద మీద వేస్తున్న పుస్తకానికి రెండు పేజీలు రాసివ్వమని మా ఊరి కుర్రాళ్లు అడిగారు. "గోదారమ్మ ఉగ్రరూపం దాల్చింది, లంకలు విలవిల్లాడాయి" అని మొదలెట్టా. మా అమ్మాయి చదివి "ఆ రోజు నువ్వు ఇదే అనుకున్నావా నాన్నా?" అంది. అనుకోలేదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 17.75 అడుగులు దాటి మూడో హెచ్చరిక, అంటే ఆఖరిది, ఇచ్చారనగానే నాకు ముందు గుర్తొచ్చింది రావులపాలెం మార్కెట్‌కి తోలాల్సిన అరటి గెలలు. మంచంలో ఉన్న మా అమ్మ ఆ తర్వాతే. ఇది రాయాలా, వద్దా?

రేవుగట్టు: రాయాలండి. "ఉగ్రరూపం" మీ ఆలోచన కాదు, ఏటా పేపర్లో చూసే హెడ్డింగు. కలం పట్టగానే ముందు చేతికి తగిలేది అలాంటి అరువు మాటే. దాన్ని పక్కకి నెట్టి, ఆ పూట కళ్లు ఎటు చూశాయో గుర్తు తెచ్చుకోండి. మా ఇంట్లోకి నీళ్లు హోరున రాలేదు. పెరట్లో ఎలక బొరియలోంచి బుడగలొచ్చాయి. చీమలు ఉండకట్టి తేలుతూ గడప దగ్గరికొచ్చాయి. నేను చీపురు పట్టుకుని వాటినే తోస్తూ కూర్చున్నా, బియ్యం డబ్బా ఎత్తడం మానేసి!

గౌతమిపాయ: చీమల సంగతి వేరు, కన్నతల్లి సంగతి వేరు. మనసులోకి సవాలక్ష వస్తాయి. అన్నీ అచ్చులో పెట్టడం నిజాయితీ అంటే నేనొప్పుకోను. పెద్దావిడ చదివితే?

పాతబడి మాస్టారు: వాడుక భాషలో రాస్తే చాలు, మనసు అదే కనిపిస్తుందని మా రోజుల్లో అనుకునేవాళ్లం. ఎక్కువగా గ్రాంథికంలోనే రాసిన వీరేశలింగం పంతులుగారు కూడా 1919లో, మన రాజమండ్రిలోనే, వ్యావహారిక భాషా సమాజానికి అధ్యక్షులయ్యారు. గ్రాంథికం పోయింది. పడికట్టు మాటలు మాత్రం వాడుక భాషలోనూ బోలెడు.

లంకమావయ్య: నిన్న రాత్రి అమ్మకే చదివి వినిపించా. కోపం రాలేదు. "గెలలు గుర్తొచ్చాయని రాశావు, బానే ఉంది. ఆ తోట కౌలుకి వడ్డీకి తెచ్చిన అప్పు సంగతి రాయలేదేంరా? ఊరికే డబ్బు మీద ఆశనుకుంటారు" అంది. నిజమే, ఆ గెలలు చూస్తే నాకు కనిపించింది ఆ వడ్డీయే. నిన్నటిదాకా నాకే తట్టలేదు. మళ్లీ రాస్తున్నా.

గౌతమిపాయ: రాయండి. అప్పిచ్చినాయన పేరు మాత్రం వద్దండీ, ఆయన కూడా ఆ పుస్తకం కొంటాడు.