మన రాష్ట్రంలో పేదలు నూటికి ఆరుగురేనా?

కనిగిరి కుర్రోడు:
నీతి ఆయోగ్ లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పేదలు 2015-16లో 11.77 శాతం, 2019-21కి 6.06 శాతం. వానల్లేని ఏడు మా వీధికొచ్చి చూడండి, సగం ఇళ్ళకి తాళాలే, బేల్దారి పనులకి బెంగళూరో హైదరాబాదో పోయుంటారు. పల్లెల్లో నెలకి పదివేల లోపు ఆదాయం ఉంటేనే బియ్యం కార్డు అని రూలు, మా ఊళ్ళో కార్డు లేని ఇల్లు వెతికినా దొరకదు. మరి కార్డులన్నీ దొంగవా, ఆ ఆరు దొంగదా?

కావలి లెక్కల మాస్టారు:
రెండూ కాదు అబ్బాయ్. ఆ లెక్కలో అసలు ఆదాయమే లేదు. చూసేది పన్నెండు అంశాలు, వాటికి బరువులు వేరు. పోషకాహారానిది ఆరో వంతు. మరుగుదొడ్డి, కరెంటు, బ్యాంకు ఖాతా లాంటివి ఒక్కోటి 21లో ఒక వంతు. లోట్లన్నీ కలిపి మూడో వంతుకి చేరితేనే పేద. కట్టెల పొయ్యి, మట్టి నేల, మరుగుదొడ్డి లేదు, ఈ మూడే లోట్లనుకో, కలిపితే ఏడో వంతు. ఆ ఇల్లు పేదది కాదు! ఇంకోటి, ఈ లెక్క కట్టింది ఇంటింటి సర్వేతో, మన రాష్ట్రంలో ఆ సర్వే 2019లో, కొవిడ్‌కి ముందే చేశారు.

కోవూరు అక్క:
అట్లని తీసిపారేయకండి. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డ రోజుల్లో మా నాయన కూలి డబ్బు ఇంటి గడప తొక్కేది కాదు, అమ్మ చీకటి పడేదాకా కాచుకొని చెంబు పట్టుకొని పోయేది. ఇప్పుడు నాకు మరుగుదొడ్డి ఉంది, నా పేరున ఖాతా ఉంది. చేతిలో డబ్బు అంతే ఉన్నా నా బతుకు మారింది గదా. గ్యాసు మాత్రం, డబ్బుల్లేని నెల కట్టెలే.

మాస్టారు:
గ్యాసు సంగతిలో వాళ్ళు సిలిండర్ ఉందా అని చూడరమ్మా, ఎక్కువగా దేని మీద వండుతున్నారో చూస్తారు. అక్కడ లెక్క పర్వాలేదు.

ఒంగోలు బాబాయ్:
ఈ పన్నెండూ పక్కన పెట్టండి, ఖర్చు చూడండి. ప్రపంచ బ్యాంకు లెక్కలో దేశం మొత్తం మీద తీవ్ర పేదలు 2011-12లో 27.1 శాతం, 2022-23లో 5.3. తిండికీ బట్టకీ జనం పెట్టే ఖర్చు అబద్ధం చెప్తుందా?

మాస్టారు:
జనం కాదు, అడిగే పద్ధతి చెప్తుంది బాబాయ్. ఆ లెక్క వచ్చేది ఇంటి ఖర్చుల సర్వే నుంచి. అంతకుముందు ఒకేసారి వచ్చి అన్నీ అడిగేవాళ్ళు. 2022-23లో ప్రశ్నల్ని మూడు భాగాలు చేసి మూడు నెలలు మూడుసార్లు వెళ్ళారు. మూడుసార్లు అడిగితే మర్చిపోయిన ఖర్చులు కూడా గుర్తొస్తాయి. పేదరికం తగ్గలేదని నేననను, బాగానే తగ్గింది, ఎంతన్నదే గొడవ. పైగా మీరు చెప్పిన 5.3 రోజుకి 3 డాలర్ల పేదరికపు గీత మీద. 2025 జూన్‌లో గీత మార్చకముందు అది 2.15, దాని ప్రకారం 2.3 శాతమే. ఇది బ్యాంకులో మార్చుకునే డాలరు కాదులెండి, ఇక్కడి ధరలకి సర్దింది.

బాబాయ్:
గీత జరిపితే పేదలు రెట్టింపా? బాగుంది సామీ లెక్క.

కనిగిరి కుర్రోడు:
అంతా బాగుంది మాస్టారూ, తాళమేసిన ఇంటి సంగతి మాత్రం మీరు చెప్పలా. సర్వేవాళ్ళు వచ్చినప్పుడు మావాళ్ళు ఊళ్ళో ఉండరు. బెంగళూరులో కట్టే బిల్డింగు పక్కన రేకుల షెడ్డులో ఉంటారు, దానికి డోర్ నంబరు కూడా ఉండదు. వాళ్ళని ఎక్కడ లెక్కేసినట్టు?