జీపు నమూనాకు వాష్ పూస్తే అడుగు రంగు లేచిపోయింది, వార్నిష్ తెల్లబడింది: సరిచేసుకునే మార్గం ఉందా?

అలిపిరి_జీపు:

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఉంటాను. 1/35 స్కేలులో (అంటే అసలు బండిలో ముప్పై అయిదో వంతు సైజులో) విల్లీస్ జీపు, అంటే రెండవ ప్రపంచ యుద్ధం నాటి అమెరికా సైనిక జీపు, ప్లాస్టిక్ కిట్టు తెప్పించుకుని, రెండు నెలలుగా తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని అతికించాను. ఇదే నా మొదటి నమూనా. చిన్నతనంలో చంద్రగిరి దగ్గర మా మేనమామ గారి మామిడితోటలో ఒక పాత జీపు ఉండేది. చక్రాల పైభాగం దాకా ఎర్రమట్టి పట్టి, ఎక్కేచోట రంగు అరిగి ఇనుము బయటపడి, ఎంతో పనిచేసిన బండిలా కనిపించేది. నా నమూనా కూడా అలాగే కనిపించాలని నా కోరిక.

హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే ఎనామెల్ రంగును ఆకుపచ్చ, గోధుమ కలిపి కుంచెతో రెండు పూతలు వేశాను. కుంచె గీతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. మరునాడు ముదురు గోధుమ ఆయిల్ రంగును టర్పెంటైన్‌లో కలిపి వాష్‌గా (సందుల్లో నీడలా నిలిచే పలుచని రంగుగా) పూస్తే, బానెట్ మీద అడుగు రంగు కరిగి ప్లాస్టిక్ బయటపడింది. దానిని కప్పిపుచ్చుదామని అదే సాయంత్రం, బయట జోరుగా వాన కురుస్తుండగా, మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ స్ప్రే చేశాను. ఆరిన తరువాత జీపంతా బూడిద చల్లినట్టు తెల్లగా మారింది. దీనిని పక్కన పెట్టి కొత్త కిట్టు కొనాలా, లేక ఇదే బాగుపడుతుందా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

చిత్తూరు_నమూనాలు:

అలిపిరి గారూ, పారవేయకండి, ఇది బాగుపడుతుంది. మీకు జరిగినవి మూడూ వేరువేరు కారణాల వల్ల జరిగాయి.

రంగు లేచిపోవడానికి కారణం మీ చేయి కాదు, ద్రావకం. ఎనామెల్‌ను పలుచన చేసేదీ టర్పెంటైనే, మీ ఆయిల్ వాష్‌ను పలుచన చేసిందీ టర్పెంటైనే. ఎనామెల్ పైకి ఒక్క రోజులో ఆరినట్టు కనిపించినా లోపల గట్టిపడడానికి చాలా రోజులు పడుతుంది కనుక, దాని మీద మళ్ళీ టర్పెంటైన్ పడగానే కరిగింది. అందుకే చాలామంది అడుగు రంగును అక్రిలిక్‌తో (నీటితో కలిసే రంగుతో) వేసి, వాష్‌ను ఆయిల్‌తోనో ఎనామెల్‌తోనో వేస్తారు. బాగా ఆరిన అక్రిలిక్‌ను టర్పెంటైన్ అంత సులభంగా కదిలించదు. ఎనామెలే వేయదలిస్తే, రెండు వారాలు ఆగి, మధ్యలో అక్రిలిక్ గ్లాసీ (మెరిసే) వార్నిష్ పూతను అడ్డుగోడగా వేసుకోవాలి. ఆ నునుపైన పూత వల్ల మరొక మేలు కూడా ఉంది: మ్యాట్ ఉపరితలం మీద వాష్ ఇంకిపోయి మరకలు కడుతుంది, నునుపు మీదైతే సందుల వెంట తనంతట తానే పరుగెత్తుతుంది.

వాష్ అంటే బండి మొత్తానికి పులమడం కాదని నా అభిప్రాయం. ఆయిల్ రంగును ముందుగా ఒక అట్టముక్క మీద పిండి గంటసేపు వదిలేయండి. నూనెను అట్ట పీల్చుకుంటుంది, అప్పుడు రంగు త్వరగా, మెరుపు లేకుండా ఆరుతుంది. తరువాత టర్పెంటైన్‌లో మజ్జిగ తేటంత పలుచగా కలిపి, సన్నని కుంచె మొనను బానెట్ కీలు పక్కనో, రివెట్టు మొదట్లోనో ఊరికే ఆనించండి. రంగు ఆ మూల వెంట సన్నని గీతలా పాకుతుంది. పావుగంట ఆగి, టర్పెంటైన్‌లో ముంచి గుడ్డకు ఒత్తిన కుంచెతో, ఎక్కువైన రంగును పైనుండి కిందికి తుడవండి. కిందికే ఎందుకంటే, వాననీరు బండి మీద అలాగే జారుతుంది.

తెల్లబడడానికి కారణం వాన. స్ప్రేలోని ద్రావకం ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ ఆ తడి పూత మీద చేరి పొగమంచులా నిలిచిపోతుంది. డబ్బాను సరిగా కుదపకపోయినా, మరీ మందంగా కొట్టినా కూడా ఇలాంటి తెల్లదనమే వస్తుంది. కార్తీక మాసపు వానల్లో నేను వార్నిష్ డబ్బాను ముట్టుకోనే ముట్టుకోను. పొడి ఎండ కాసిన రోజున పలుచగా ఒక గ్లాసీ వార్నిష్ పూత వేసి చూడండి, తెల్లదనం చాలావరకు పోతుంది.

ఇక మీ జీపును రెండు వారాలు కదపకుండా ఉంచి, కుంచె గీతలను నీటితో తడిపిన వెయ్యి నంబరు వాటర్ పేపర్‌తో తేలికగా రుద్ది, సబ్బు నీటితో కడిగి, ప్రైమర్ (రంగు బాగా పట్టడానికి ముందు వేసే పూత) వేసి, ఈసారి అక్రిలిక్ పూయండి. రంగు పాలంత పలుచగా ఉండాలి, కుంచె వెడల్పుగా, మెత్తగా ఉండాలి. మొదటి పూత చూడడానికి అధ్వానంగా ఉంటుంది, దిగులుపడి మళ్ళీ దాని మీదే రుద్దకండి. పూర్తిగా ఆరాక రెండవది అడ్డంగా, మూడవది నిలువుగా వేస్తే గీతలు కలిసిపోతాయి. మన మే నెల ఎండల్లో రంగు కుంచె మొన మీదే ఎండిపోతుంది కాబట్టి తెల్లవారుజామున కూర్చోవడం మంచిది. స్ప్రే, టర్పెంటైన్ పనులు కిటికీలు తెరిచి, మాస్కు పెట్టుకునే చేయండి.

పూతలపట్టు_దారి:

పై సలహాతో ఏకీభవిస్తూ, అరుగుదల గురించి కొంత చెప్పాలనుకుంటున్నాను. ముందుగా స్కేలును మనసులో పెట్టుకోండి. 1/35లో ఒక మిల్లీమీటరు గీత పడితే అసలు బండి మీద మూడున్నర సెంటీమీటర్ల గాయం అన్నమాట. కొత్తవారి నమూనాలు పాడైన బండ్లలా కాక మచ్చలు పడ్డ బొమ్మల్లా కనిపించడానికి ఇదే కారణం. స్పాంజి నుండి చిన్న ముక్క తుంచి, ముదురు గోధుమలో అద్ది, కాగితం మీద దాదాపు ఆరేదాకా ఒత్తి, ఆ తరువాతే అంచులకు తాకించండి.

ప్రతి మచ్చకూ ఒక కారణం ఉండాలి. బూటు రాసుకునే చోట, చేయి పట్టుకునే చోట, డబ్బా దించే చోట రంగు పోతుంది, బానెట్ మధ్యలో ఊరికే పోదు. ఇక్కడే మీకొక ప్రశ్న. విల్లీస్ కిట్టులో స్టీరింగు ఎడమవైపు ఉంటుంది, ముందు జాలీకి తొమ్మిది సందులు ఉంటాయి. మహీంద్రా వారు మన దేశంలో కూర్చిన పౌర జీపులకు సందులు ఏడే, స్టీరింగు కుడివైపు. మీ మేనమామ గారి బండి ఏది? డ్రైవరు ఎక్కే పక్క ఎక్కువగా అరుగుతుంది గనుక ఇది తేల్చుకోకుండా స్పాంజి పట్టకండి.

మట్టి విషయానికి వస్తే, తోటలోని ఎర్రమట్టినే వాడవచ్చు, కానీ నేరుగా కాదు. ఎండబెట్టి, మెత్తగా నూరి, పలుచని గుడ్డలో జల్లించాలి, లేకుంటే ఒక్కో ఇసుక రేణువు ఆ స్కేలులో గులకరాయిలా కనిపిస్తుంది. చాక్‌పీసు పొడి కొద్దిగా కలిపితే ఎండిన దుమ్ము రంగు వస్తుంది. దీనిని అన్నిటికంటే చివర, మ్యాట్ వార్నిష్ ఆరిన తరువాత, పొడికుంచెతో చక్రాల వెనుకభాగంలోనూ అడుగు అంచుల్లోనూ అద్ది, టర్పెంటైన్ చుక్కతో తడిపితే నిలుస్తుంది. దాని మీద మళ్ళీ వార్నిష్ కొడితే దుమ్ము మాయమవుతుంది, నేను ఒకసారి ఒక లారీని అలాగే పోగొట్టుకున్నాను.

అలిపిరి_జీపు:

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మీ ప్రశ్న చదివాక అమ్మకు ఫోన్ చేసి అడిగాను. అది సైన్యం వేలంలో అమ్మిన డిస్పోజల్ జీపట, స్టీరింగు ఎడమవైపే. ఇప్పుడు నాకూ జ్ఞాపకం వస్తోంది: మామయ్య ఎడమవైపు కూర్చుని నడుపుతుంటే, కుడివైపు కూర్చున్న నేను మెడ చాచి చూసి, ఎదురుగా లారీ వస్తోందో లేదో చెప్పేవాడిని, అప్పుడే ఆయన ముందున్న ఎడ్లబండిని దాటేవారు. కాబట్టి ఎడమ పక్క ఎక్కువగా అరగాలి, కుడి పక్క నా చెప్పులు ఆనించిన చోట కొంచెం. రెండు వారాల తరువాత వాటర్ పేపర్‌తో మొదలుపెడతాను. వచ్చే ఆదివారం చంద్రగిరి వెళ్ళి ఆ తోట మట్టి ఒక గుప్పెడు తెచ్చుకుంటాను.

పూతలపట్టు_దారి:

సంతోషమండీ. మట్టి తెచ్చినప్పుడు దారి మధ్యది కాకుండా, బండి చక్రాలు నలిపిన అంచు దుమ్ము తీసుకోండి. అది ముందే సగం నూరి ఉంటుంది.