ఎన్‌ఈఎస్ ఆన్ చేస్తే ఎర్ర లైటు వెలిగి ఆరుతోంది, బొమ్మ నిలవట్లేదు. ఎక్కడ చూడాలి?

ఓరుగల్లు88:
అందరికీ నమస్కారం. మా బాబాయి 1991లో డెట్రాయిట్ నుంచి హనుమకొండ తిరిగొచ్చేటప్పుడు తెచ్చిన నింటెండో ఎన్‌ఈఎస్ అనే టీవీ గేమ్ మెషిన్ ఇది. క్యాసెట్ ముందు నుంచి లోపలికి తోసి కిందకి నొక్కే బూడిద రంగు మోడల్. పిల్లలం అందరం వేసవి సెలవుల్లో దీని చుట్టూనే ఉండేవాళ్ళం. ఇరవై ఏళ్ళకు పైగా అటక మీద ఉంది, మొన్న మా అమ్మాయికి చూపిద్దామని దించాను.

ఆన్ చేస్తే ముందున్న ఎర్ర లైటు సెకనుకోసారి వెలిగి ఆరుతోంది, టీవీలో కూడా అదే లెక్కన తెర రంగు మారి మళ్ళీ నల్లబడుతోంది. పదిసార్లు క్యాసెట్ తీసి పెడితే ఒకసారి మారియో టైటిల్ వచ్చింది, చెయ్యి తగలగానే పోయింది. ఉన్నవి రెండే క్యాసెట్లు, మారియో-డక్ హంట్ కలిసి ఉన్నదొకటి, బంగారు రంగు జెల్డా ఒకటి. రెండింటికీ ఇదే. చిన్నప్పటిలాగే నోటితో ఊది చూశాను, లాభం లేదు. కరెంటు బాబాయి తెచ్చిన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇస్తున్నాను, అది అరగంటకే బాగా వేడెక్కుతోంది. బోర్డు పోయిందంటారా? మా బాబాయి ఇప్పుడు లేరు, అందుకే దీన్ని పాడుచేయకుండా బాగుచేసుకోవాలని ఉంది.

టంకం:
బోర్డు పోలేదండీ, టెన్షన్ పడకండి. లైటు ఆరి వెలుగుతోందంటే మెషిన్ లోపల చాలా భాగం బతికే ఉందని అర్థం.

ఎన్‌ఈఎస్ లోపల ఒక తాళం చిప్ ఉంటుంది, క్యాసెట్ లోపల దానికి జోడీ చిప్ ఇంకొకటి. ఆన్ అయినప్పటి నుంచి ఆ రెండూ ఒకదానితో ఒకటి లెక్క సరిచూసుకుంటూనే ఉంటాయి. సరిపోకపోతే మెషిన్ చిప్ సెకనుకోసారి రీసెట్ కొట్టేస్తుంది, మీకు కనిపిస్తున్నది అదే. మన ఊళ్ళలో అమ్మిన టీవీ గేములకు ఈ తాళం లేదు, అందుకే వాటిలో క్యాసెట్ సరిగా కూర్చోకపోతే గళ్ళు గళ్ళుగా చెత్త బొమ్మ వచ్చి ఆగిపోయేది తప్ప ఇలా వెలిగి ఆరేది కాదు.

నూటికి తొంభై సార్లు కారణం క్యాసెట్‌కీ మెషిన్‌కీ మధ్య కాంటాక్ట్ సరిగా లేకపోవడమే. ముందు క్యాసెట్ల అంచున ఉన్న ఇత్తడి రంగు పట్టీలను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, చెవులు తుడిచే దూది పుల్లలు పెట్టి నల్లటి మురికి రావడం ఆగేదాకా తుడవండి. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో ఐపీఏ అంటే ఇస్తారు. మందుల షాపు స్పిరిట్‌లో నీళ్ళ పాలు ఎక్కువ, అది వద్దు. ఊదడం మాత్రం మానేయండి, ఊపిరిలో తేమకు ఆ పట్టీలు తుప్పు పడతాయి. అప్పట్లో ఊదితే పని చేసినట్టు అనిపించింది క్యాసెట్ తీసి మళ్ళీ పెట్టినందుకే.

కోఠి_కుర్రాడు:
అన్నా, ఇంత కష్టం ఎందుకు. ఆ తాళం చిప్ నాలుగో కాలు కత్తిరించేయండి, లైటు ఆరడం అక్కడితో ఆగిపోతుంది. 3193 అని మొదలయ్యే నంబరు ఉన్న 16 కాళ్ళ చిప్ అది. లోపల క్యాసెట్ వచ్చి కూర్చునే 72 పిన్నుల కనెక్టర్ కూడా ఆన్‌లైన్‌లో కొత్తది దొరుకుతుంది, అదీ మార్చేస్తే మళ్ళీ తిరిగి చూడక్కర్లేదు. నేను రెండు మెషిన్లకు ఇలాగే చేశాను.

టంకం:
తమ్ముడూ, నాలుగో కాలు సంగతి నిజమే, దాన్ని లేపి గ్రౌండ్‌కి కలిపితే తాళం చిప్ తాళంలా కాకుండా తాళంచెవిలా నడుచుకుంటుంది, రీసెట్ కొట్టదు. కానీ ఆయన రోగం అది కాదు. కాంటాక్ట్ అలాగే ఉంచి కాలు కోస్తే లైటు నిలకడగా వెలుగుతుంది, తెర మీద మాత్రం ఉత్త బూడిద రంగో గళ్ళో వస్తాయి. పైగా లోపం ఎక్కడుందో చెప్పే గుర్తు కూడా పోతుంది. వాళ్ళ బాబాయి గుర్తుగా ఉన్న మెషిన్‌ని మొదటి రోజే కోయమనడం నాకు నచ్చలేదు, అన్నీ అయ్యాక చూడొచ్చు.

కొత్త కనెక్టర్ గురించి కూడా ఒక మాట. చౌకరకం వాటిలో చాలావరకు క్యాసెట్‌ని రాక్షసపట్టు పడతాయి, తీయడానికి రెండు చేతులూ కావాలి, పాత క్యాసెట్ల పట్టీలు గీసుకుపోతాయి. అసలు కనెక్టర్ మెషిన్‌తో వచ్చినది. అది చచ్చేదాకా పారేయకండి.

ఓరుగల్లు గారూ, మెషిన్ తిరగేసి అడుగున ఆరు స్క్రూలు విప్పండి. లోపల రేకు కవచం, దాని కింద క్యాసెట్ ట్రే వస్తాయి. స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు కాబట్టి ఏది ఎక్కడిదో ఫోన్‌లో ఫోటో తీసుకుంటూ వెళ్ళండి. ట్రే ముందుకి లాగి తీసేశాక, కనెక్టర్‌ని మెల్లగా లాగితే బోర్డు అంచు నుంచి ఊడి వస్తుంది, టంకం పని లేదు. దాన్ని ఒక గిన్నెలో పది నిమిషాలు మరిగించండి. బోరు నీళ్ళు వద్దు, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి, లేకపోతే సున్నం పేరుకుంటుంది. తీసి, శుభ్రం చేసిన క్యాసెట్‌ని అందులో ఓ ఇరవై సార్లు పెట్టి తీయండి, మళ్ళీ మరిగించండి. ముప్పై ఏళ్ళ జిడ్డు, మకిలి అలా వదులుతాయి. తర్వాత బాగా విదిలించి, ఒక రోజంతా ఫ్యాను కింద ఆరబెట్టండి. తడి ఉండగా కరెంటు ఇవ్వొద్దు.

ఇంకోటి, చాలామంది మరిచిపోయేది. కనెక్టర్ రెండో వైపు మెషిన్ బోర్డు అంచు మీద కూర్చుంటుంది కదా, ఆ అంచుకి కూడా తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది ఐపీఏతో తుడవాలి. కనెక్టర్ ఎంత శుభ్రం చేసినా ఇది వదిలేస్తే సగం పనే.

న్యూజెర్సీ_నుంచి:
కాంటాక్ట్ సంగతి టంకం గారు చెప్పేశారు, నాకు కరెంటు దగ్గరే భయంగా ఉంది. ఆ అడాప్టర్ 120 వోల్టుల, 60 హెర్ట్‌జ్‌ది. స్టెప్‌డౌన్ వోల్టేజీ తగ్గిస్తుంది గానీ మన 50 హెర్ట్‌జ్‌ని మార్చదు, అందుకే అడాప్టర్ కూడా మామూలు కంటే వేడెక్కుతుంది. అంత పాతవాటిని వదిలేయడమే మంచిది. పొరపాటున ఎవరైనా దాన్ని నేరుగా 230లో పెడితే అక్కడికక్కడే కాలిపోతుంది, ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

అసలు అడాప్టర్ ఇచ్చేది 9 వోల్టుల ఏసీ, మెషిన్ లోపల బ్రిడ్జి రెక్టిఫైయర్ దాన్ని డీసీ చేస్తుంది. కాబట్టి అక్కడే దొరికే మంచి రకం 9 వోల్టుల డీసీ అడాప్టర్, 1.3 ఆంపియర్లు గానీ ఆ పైన గానీ ఉన్నది, హాయిగా పని చేస్తుంది, ప్లస్ మైనస్ ఎటున్నా ఫర్వాలేదు. అయితే ఇది ఎన్‌ఈఎస్‌కే. జపాన్ ఫ్యామికామ్‌కి గానీ సెగా మెగా డ్రైవ్‌కి గానీ ఎన్‌ఈఎస్ ఏసీ అడాప్టర్ పెడితే అవి చెడిపోతాయి.

మీటర్ ఉంటే లోపల రేకుకి బిగించిన 7805 (5 వోల్టులు నిలకడగా ఇచ్చే రెగ్యులేటర్) అవుట్‌పుట్ కాలు మీద 5 వోల్టులు వస్తున్నాయో లేదో చూడండి. టీవీకి ఏంటెనా తీగ కాకుండా కుడి పక్కన ఉన్న పసుపు, ఎరుపు సాకెట్ల నుంచి ఇవ్వండి, బొమ్మ చాలా బాగుంటుంది. ఇది ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) మెషిన్, ఇప్పటి టీవీలు చాలావరకు తీసుకుంటాయి.

ఓరుగల్లు88:
నాలుగు రోజులు పట్టింది, కానీ వచ్చేసింది! కనెక్టర్ రెండుసార్లు మరిగిస్తే నీళ్ళు టీ రంగులోకి వచ్చాయి. బోర్డు అంచు తుడిస్తే దూది పుల్లలు ఒక డబ్బా అయిపోయాయి. 7805 దగ్గర 4.98 చూపించింది. కొత్త 9 వోల్టుల డీసీ అడాప్టర్ తెచ్చి పెట్టాను, మొదటిసారికే మారియో వచ్చింది, లైటు కదల్లేదు, గంటన్నర ఆడినా ఆగలేదు. ఆ పాట వినపడగానే మా పిన్ని వంటింట్లోంచి వచ్చి నిలబడిపోయింది.

రెండు మిగిలాయి. జెల్డాలో పేరు రాసి ఆడి ఆపేస్తే మర్నాటికి పోతోంది. డక్ హంట్‌లో టీవీకి గురిపెట్టే బొమ్మ తుపాకి ఎంత కాల్చినా ఒక్క బాతు కూడా పడట్లేదు. తుపాకి పోయిందా?

టంకం:
చాలా సంతోషం అండీ, నిజంగా.

తుపాకి పోయి ఉండకపోవచ్చు. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లగా అయి బాతు ఉన్నచోట తెల్ల డబ్బా వస్తుంది, తుపాకి ఆ వెలుగుని సరిగ్గా ఆ క్షణంలోనే పట్టుకోవాలి. ఎల్‌సీడీ టీవీ బొమ్మని ఆలస్యంగా చూపిస్తుంది కాబట్టి దొరకదు. పాత డబ్బా టీవీ, ఎన్‌టీఎస్‌సీ తీసుకునేది ఎవరింట్లోనైనా ఉంటే తెచ్చుకోండి.

జెల్డా క్యాసెట్‌లో సేవ్ నిలబెట్టేది 3 వోల్టుల నాణెం బ్యాటరీ, అది అయిపోయింది. క్యాసెట్ విప్పడానికి 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ స్క్రూడ్రైవర్ కావాలి. రేకు కాళ్ళు అతికించి ఉన్న సీఆర్2032 కొని టంకం వేయండి, ప్లస్ మైనస్ చూసుకుని. మామూలు బ్యాటరీ మీద నేరుగా ఐరన్ పెట్టొద్దు, పేలే ప్రమాదం ఉంది. ఆ తర్వాత ఆపేటప్పుడు రీసెట్ నొక్కి పట్టుకునే పవర్ తీయండి, ఆ ఆటకు అది తప్పనిసరి.

కోఠి_కుర్రాడు:
టంకం అన్న చెప్పింది ఒప్పుకుంటున్నా, నా దగ్గర ఉన్న పాత కనెక్టర్లు రెండూ ఈ ఆదివారం మరిగించి చూస్తాను. ఓరుగల్లు అన్నా, కాళ్ళున్న బ్యాటరీ అక్కడ దొరక్కపోతే కోఠి గుజరాతీ గల్లీలో అడిగి చూస్తా, చెప్పండి.