రూనీ రాకపోయుంటే బ్లూస్ దిగిపోయేవాళ్లు కాదా? 2023-24 సీజన్ చూసినవాళ్లు చెప్పండి

బ్రమ్‌లో_బెజవాడోడు

అందరికీ నమస్తే. నేను బర్మింగ్‌హామ్ వచ్చి ఏడాదిన్నర అవుతోంది, ఉండేది స్మాల్ హీత్‌లో. క్రికెట్ తప్ప ఇంకోటి తెలీదు నాకు. 2024 సెప్టెంబర్‌లో రూమ్మేట్ బలవంతం మీద బర్మింగ్‌హామ్ సిటీ (అందరూ బ్లూస్ అంటారు) ఫుట్‌బాల్ క్లబ్ గ్రౌండ్ సెయింట్ ఆండ్రూస్‌లో రెక్సమ్ మ్యాచ్‌కి వెళ్లా, సోమవారం రాత్రి, టామ్ బ్రేడీ (అమెరికన్ ఫుట్‌బాల్ స్టార్, క్లబ్‌లో చిన్న వాటా ఉన్నాయన) వచ్చాడు, బెక్హామ్ వచ్చాడు, మా స్ట్రైకర్ స్టాన్స్‌ఫీల్డ్ రెండు గోల్స్ కొట్టాడు, 3-1 గెలిచాం, అంతే ఇక ఇరుక్కుపోయా. ఆ సీజన్ మొత్తం చూశా. 46 మ్యాచ్‌ల్లో 34 గెలిచి 111 పాయింట్లతో లీగ్ వన్ (మూడో డివిజన్) చాంపియన్లు అయ్యారు కదా, నాకేమో ఫుట్‌బాల్ అంటే ప్రతి వారం గెలవడమే అనిపించింది 😅

విషయం ఏంటంటే నేను పార్ట్‌టైమ్ చేసే చోట ఒక పెద్దాయన ఉన్నాడు, చిన్నప్పట్నుంచీ బ్లూస్ ఫ్యాన్. ఆయన దగ్గర వేన్ రూనీ (ఒకప్పటి ఇంగ్లండ్ స్టార్, 2023లో ఇక్కడికి మేనేజర్‌గా వచ్చాడు) పేరెత్తితే తాగుతున్న టీ కప్పు పక్కన పెట్టేసి బయటికెళ్లి నిలబడతాడు. నిజంగా. అంతకుముందు సీజన్‌లో మేనేజర్‌ని (అంటే హెడ్ కోచ్‌ని) మార్చి కింది డివిజన్‌కి దిగిపోయారని మాత్రం తెలుసు, నేనప్పటికి ఇక్కడే ఉన్నా గానీ కాలేజీ, పని తప్ప దేన్నీ పట్టించుకోలేదు. నా డౌట్ ఒకటే, ఒక్క మేనేజర్ మారితే టీమ్ మొత్తం అంతలా పడిపోతుందా? లేక ఎలాగూ దిగిపోయే టీమే, నెపం మాత్రం రూనీ మీద పడిందా?

---

టిల్టన్_ఎండ్_తాత

తమ్ముడూ ఆ పెద్దాయన్ని ఏమీ అనకు, ఆయన బాధ నాకు తెలుసు. నేను 2010లో వచ్చా ఈ ఊరికి. 2011లో వెంబ్లీలో ఆర్సెనల్ మీద కప్పు గెలిచి, మూడు నెలలు తిరక్కుండానే ప్రీమియర్ లీగ్ నుంచి దిగిపోయిన క్లబ్ ఇది. అలాంటిది చూసినోళ్లం కూడా 2023-24 మర్చిపోలేకపోతున్నాం.

మొదట్నుంచీ చెప్తా. 2023 జులైలో పాత ఓనర్ల దగ్గర్నుంచి అమెరికావాళ్లు, నైట్‌హెడ్ అని, టామ్ వాగ్నర్ వాళ్ల కంపెనీ, క్లబ్‌ని చేతిలోకి తీసుకున్నారు. పాతవాళ్ల టైమ్‌లో స్టేడియంలో రెండు స్టాండ్ల కింది భాగాలు మూసేసి ఉండేవి, రిపేర్లకి దిక్కులేదు, అలాంటిది వీళ్లొచ్చేసరికి ఊరంతా పండగ. మేనేజర్ జాన్ యూస్టస్. పక్కనే సోలిహల్‌లో పుట్టినాయన, పెద్ద పేరేం లేదు, హడావుడి లేదు. టీమ్‌ని గట్టిగా, ఒద్దికగా ఆడించేవాడు, బంతి వాళ్ల దగ్గరుంటే ఉండనీ మనం సందు చూసి పరిగెత్తుదాం అనే టైపు. అక్టోబర్ 6న వెస్ట్ బ్రామ్ మీద 3-1 గెలిచాం, డెర్బీ అది (పక్కూరి టీమ్‌తో మ్యాచ్), ఆ రాత్రి గ్రౌండ్ నుంచి సిటీ సెంటర్ దాకా పాడుకుంటూ నడిచాం. 11 మ్యాచ్‌లకి చాంపియన్‌షిప్‌లో (రెండో డివిజన్) ఆరో స్థానం. అంటే ప్లేఆఫ్ స్థానం, ప్రీమియర్ లీగ్‌కి ఎక్కే చాన్స్ ఉండే చోటు. అక్టోబర్ 9న ఆయన్ని తీసేశారు. మూడు రోజులు. 11న రూనీ వచ్చాడు.

తర్వాత ఏముంది, 15 మ్యాచ్‌లు, 2 గెలుపులు, 4 డ్రాలు, 9 ఓటములు. కొత్త సంవత్సరం రోజు లీడ్స్‌లో 3-0తో ఓడాం, తెల్లారే పంపేశారు. ఆరో స్థానంలో తీసుకున్న టీమ్ 20లో తేలింది.

---

లెక్కల_మాస్టారు

పైన చెప్పినదానికి లెక్క జోడిస్తా, ఎందుకంటే అందరూ రూనీ రూనీ అంటారు గానీ అసలు కథ రెండో సగంలో కూడా ఉంది.

యూస్టస్ 11 మ్యాచ్‌లకి 18 పాయింట్లు తెచ్చాడు (గెలిస్తే 3, డ్రా అయితే 1). అదే స్పీడులో 46 మ్యాచ్‌లు ఆడితే 75 వస్తాయి, ఆ ఏడాది ఆరో స్థానంలో ఉన్న నార్విచ్‌కి వచ్చినవి 73. సరే మొదటి 11 చూసి అంత చెప్పలేం, ముందు సీజన్‌లో అదే యూస్టస్ కింద 17వ స్థానంలో ముగించారు కాబట్టి కొంచెం జారేవాళ్లే అనుకుందాం. జారినా మధ్యలో ఎక్కడో ఆగేవాళ్లు.

రూనీ 15 మ్యాచ్‌లకి 10. మిగిలిన 20 మ్యాచ్‌లకి 22. మొత్తం 50. ప్లిమత్‌కి 51 వచ్చి వాళ్లు మిగిలారు, మేము 22వ స్థానంలో దిగిపోయాం. చాంపియన్‌షిప్‌లో 24 టీమ్‌లు, కింది మూడు దిగిపోతాయి.

అంటే రూనీ వెళ్లిపోయాక కూడా మ్యాచ్‌కి ఒక పాయింట్ చిల్లర మాత్రమే వచ్చింది. ఆ 20 మ్యాచ్‌లు ఇంకో రెండు పాయింట్లు తెచ్చుంటే రూనీ కథ ఒక చెడ్డ కల లాగా పోయేది. ఏప్రిల్‌లో రాథరమ్‌తో 0-0 గుర్తుందా? వాళ్లప్పటికే దిగిపోయారు, సీజన్ మొత్తానికి 27 పాయింట్లు వచ్చిన టీమ్ అది. వాళ్లమీద ఒక్క గోల్ కొట్టలేక రెండు పాయింట్లు వదిలి, చివర్లో ఒక్క పాయింట్‌తో పోయాం. ఆ రోజు డగౌట్‌లో రూనీ లేడు మరి.

---

టిల్టన్_ఎండ్_తాత

మాస్టారూ లెక్క కరెక్టే కానీ ఆ 20 మ్యాచ్‌ల్లో ఏం జరిగిందో కూడా చెప్పాలిగా. జనవరిలో టోనీ మోబ్రే వచ్చాడు, అనుభవం ఉన్న మనిషి, రాగానే ఊపిరి పీల్చుకున్నాం, ఫిబ్రవరి 17న సండర్‌ల్యాండ్‌ని 2-1తో కొట్టాం. రెండు రోజుల తర్వాత ఆయన ట్రీట్‌మెంట్ కోసం పక్కకి తప్పుకున్నాడు, క్యాన్సర్ అని తర్వాత తెలిసింది, పాపం. అసిస్టెంట్ మార్క్ వీనస్‌కి అప్పజెప్పారు, ఆయన చేతిలో ఉన్నన్నాళ్లూ ఒక్క గెలుపు లేదు, మార్చిలో మళ్లీ గ్యారీ రోవెట్‌ని తెచ్చారు చివరి 8 మ్యాచ్‌లకి. ఒక్క సీజన్‌లో ఇంతమంది మారితే ఆటగాళ్లు ఎవరి మాట వినాలి? సోమవారం ఒకడు ముందుకెళ్లమంటాడు, ఇంకో నెలకి ఇంకొకడొచ్చి వెనకుండమంటాడు. ఆ చెయిన్ లాగింది మాత్రం అక్టోబర్ 9నే.

ఇంకో విషయం, సండర్‌ల్యాండ్ కూడా అదే సీజన్‌లో డిసెంబర్‌లో మోబ్రేని తీసేసింది, తొమ్మిదో స్థానంలో ఉండగా! మైకేల్ బీల్‌ని తెచ్చుకున్నారు, మన చేతిలో ఓడాక ఆయన్నీ పంపేశారు, 16వ స్థానంలో ముగించారు. మనలాంటి తెలివైనోళ్లు ఇంకోచోట కూడా ఉన్నారన్నమాట.

---

గల్లీ_గోల్‌పోస్ట్

భయ్యా నేను హైదరాబాద్‌ల కూసొని యాప్‌ల సూస్తా, గ్రౌండ్ మొఖం ఎన్నడు సూడలే, కానీ ఈ కథ మనకు కొత్తనా? 2021ల సన్‌రైజర్స్ నడి సీజన్‌ల వార్నర్‌ని కెప్టెన్సీ నుంచి పీకి విలియమ్సన్‌కి ఇచ్చిన్రు, ఏమైంది, 14ల మూడు గెల్చి ఆఖర్ల ఉన్నం. అదే 2008ల డెక్కన్ చార్జర్స్ ఆఖర్ల ఉండె, సీజన్ అయినంక నిమ్మలంగ గిల్‌క్రిస్ట్‌కి ఇచ్చిన్రు, కొత్త కోచ్ వచ్చిండు, 2009ల కప్పు కొట్టినం. నడుమ ఇంజన్ మారిస్తే బండి ఆగుతది, షెడ్‌ల పెట్టి మారిస్తే ఉరుకుతది. బ్లూస్ గూడ గంతే కదా, 2024 ఎండకాలంల క్రిస్ డేవీస్‌ని తెచ్చుకున్నరు, ఉరికిన్రు.

---

లెక్కల_మాస్టారు

పోలిక బాగుంది కానీ నడుమ మారిస్తే ఎప్పుడూ ఆగదు అన్నా. అదే చాంపియన్‌షిప్, అదే అక్టోబర్, షెఫీల్డ్ వెన్స్‌డే వాళ్లు అప్పటికి ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు, అట్టడుగున ఉన్నారు, డానీ రోల్ అని కుర్ర జర్మన్ కోచ్‌ని తెచ్చుకున్నారు, 53 పాయింట్లతో బతికిపోయారు. క్యూపీఆర్ అనే ఇంకో క్లబ్ కూడా కింద కొట్టుకుంటుంటే సిఫుయెంటెస్‌ని మేనేజర్‌గా తెచ్చి 56తో గట్టెక్కారు. తేడా ఎక్కడుందంటే వాళ్ల ఇల్లు కాలుతోంది, నీళ్లు పోశారు. మనోళ్లు కాలని ఇంటి మీద పోశారు.

సన్‌రైజర్స్ దాంట్లో కూడా వార్నర్‌ని తీసేనాటికి మనం ఆరులో అయిదు ఓడాం, గుర్తుంచుకో.

---

బ్రమ్‌లో_బెజవాడోడు

ఇన్ని విషయాలా 🙏 చాలా థ్యాంక్స్ అందరికీ. కానీ నాకు అర్థం కానిది ఇదే, ఆరో స్థానంలో ఉన్నోణ్ని ఎందుకు తీశారు? ఏదో ఒక కారణం ఉండాలిగా. ఓనర్లు డబ్బు పెట్టినవాళ్లు, పిచ్చోళ్లు కాదుగా.

---

అవే_డే_సుబ్బు

పిచ్చోళ్లు కాదు, తొందర. కొత్త ఓనర్ ఎవరైనా తన మనిషిని పెట్టుకోవాలనుకుంటాడు, అది సహజం. అప్పటి సీఈఓ గ్యారీ కుక్, ఇంతకుముందు మాంచెస్టర్ సిటీలో చేసినాయన, భయం లేని ఆట ఆడాలి, గెలిచే మనస్తత్వం కావాలి అని మాట్లాడేవాడు. యూస్టస్ ఆట వాళ్ల కంటికి ఆనలేదు. రూనీ అప్పుడే అమెరికాలో డీసీ యునైటెడ్ వదిలి ఖాళీగా ఉన్నాడు, పేరు ప్రపంచం మొత్తానికి తెలుసు, టామ్ బ్రేడీ పక్కన ఫొటోలో నిలబెడితే ఎలా ఉంటుంది? నా అనుమానం మాత్రం అదే, ఆటకంటే పోస్టర్ ముందు కనపడింది వాళ్లకి.

ఆటపరంగా ఏమైందంటే, గోల్‌కీపర్ దగ్గర్నుంచి చిన్న చిన్న పాస్‌లతో పైకి రావాలన్నాడు రూనీ. వినడానికి బాగుంటుంది. కానీ ఆ టీమ్‌ని కొన్నది, వేసవి అంతా ప్రాక్టీస్ చేయించింది ఇంకో రకం ఆటకి. ట్రాన్స్‌ఫర్ విండో మూసేశారు, జనవరి దాకా ఒక్కణ్ని కూడా కొనలేడు, శనివారం ఒక మ్యాచ్, మంగళవారం ఒక మ్యాచ్, నేర్పించడానికి టైమ్ ఏది? మన దగ్గర సగం కట్టిన ఇంటికి మేస్త్రీని మారిస్తే వచ్చినోడు ముందు పాత గోడ కూల్చుదామంటాడు చూడు, అచ్చం అదే. వెళ్లేటప్పుడు రూనీ 13 వారాలు సరిపోవు అన్నట్టు స్టేట్‌మెంట్ ఇచ్చాడు, అందరూ నవ్వారు గానీ ఆ మాటలో తప్పు లేదని నేనంటా. 13 వారాల్లో అవ్వని పనిని అక్టోబర్‌లో ఒప్పుకున్నాడు చూడు, అక్కడుంది తప్పు.

అసలు కడుపు మండేది ఏంటంటే ఈ క్లబ్బే ఇదే పని ముందొకసారి చేసింది. 2016 డిసెంబర్, ఓనర్లు అప్పుడూ కొత్తవాళ్లే, గ్యారీ రోవెట్ ఏడో స్థానంలో ఉండగా తీసేసి జోలాని (పేరున్న పాత ఇటలీ ఆటగాడు) తెచ్చారు. 24 మ్యాచ్‌లు, 2 గెలుపులు. ఏప్రిల్‌లో జోలా వెళ్లిపోయాడు, చివరి 3 మ్యాచ్‌లకి హ్యారీ రెడ్‌నాప్ వచ్చి ఆఖరి రోజు ఎలాగో బయటపడేశాడు. ఏడేళ్ల తర్వాత మళ్లీ అదే సినిమా, హీరో మాత్రం మారాడు. పైగా ఆఖర్న కాపాడమని పిలిచింది ఎవర్ని? ఆ రోవెట్‌నే! 8 మ్యాచ్‌ల్లో 11 పాయింట్లు తెచ్చాడు పాపం, ఒక్కటి తక్కువైంది.

---

విల్లా_విశాఖ

నేను అవతలి వైపు మనిషిని, ఈ ఊరి ఇంకో క్లబ్ ఆస్టన్ విల్లా ఫ్యాన్‌ని, తిట్టకండి. పేరు చూసి తెచ్చుకుంటే ఏమవుతుందో మాకూ తెలుసు, మేనేజర్‌గా గెరార్డ్‌ని (ఇంకో పాత ఇంగ్లండ్ స్టార్) చూశాం కదా, 2022 అక్టోబర్‌లో దిగిపోతామేమో అని భయపడ్డాం. ఎమరీ వచ్చి అదే టీమ్‌తో ఏడో స్థానం తెచ్చాడు. మీరు దిగిపోయిన సీజన్‌లో మేం నాలుగో స్థానం, చాంపియన్స్ లీగ్. ఊరికే చెప్తున్నా 😌

---

టిల్టన్_ఎండ్_తాత

ఊరికే చెప్పడానికి రానవసరం లేదు బాబూ.

ఆఖరి రోజు సంగతి కూడా చెప్తా, తమ్ముడు అడిగాడు కదా. 2024 మే 4, నార్విచ్ ఇక్కడికొచ్చింది. పైక్ సుంగ్‌హో గోల్, 1-0 గెలిచాం. గెలిచాం, వినపడిందా? అటు ప్లిమత్ హల్ మీద 1-0, వెన్స్‌డే సండర్‌ల్యాండ్‌లో గెలిచింది, బ్లాక్‌బర్న్ ఏకంగా లెస్టర్‌లో 2-0. బ్లాక్‌బర్న్ మేనేజర్ ఎవరనుకున్నావ్? యూస్టస్. ఫిబ్రవరిలో వాళ్లు తీసుకున్నారు, నిలబెట్టాడు. తర్వాత ఏడాది డెర్బీ కౌంటీ క్లబ్‌కి వెళ్లి వాళ్లనీ దిగిపోకుండా ఆపాడు. ఇంక రూనీని ఆ వేసవిలో ఎవరు తీసుకున్నారు? మనల్ని ఒక్క పాయింట్‌తో దాటిన ప్లిమతే. డిసెంబర్ 31న అట్టడుగున ఉండగా విడిపోయారు, ఆ సీజన్‌లో వాళ్లూ దిగిపోయారు. ఇది కథగా రాస్తే ఎవడూ నమ్మడు.

---

గల్లీ_గోల్‌పోస్ట్

మరి డేవీస్ ఏం జేసిండు? ఆయన గూడ పాస్‌ల ఆటనే కదా ఆడిపించింది.

---

అవే_డే_సుబ్బు

మంచి ప్రశ్న. అవును, దాదాపు అదే రకం ఆట. టోటెన్‌హామ్‌లో మేనేజర్ పోస్టెకోగ్లూకి అసిస్టెంట్, అంతకుముందు ఇంకో మేనేజర్ బ్రెండన్ రాడ్జర్స్ దగ్గర ఏళ్లు చేశాడు, సొంతంగా పెద్ద టీమ్ నడపడం ఇదే మొదలు. కానీ జూన్‌లోనే వచ్చాడు. వేసవి మొత్తం చేతిలో ఉంది, పైగా డబ్బు! క్లారర్, ఇవాటా, ఆల్ఫీ మే, విల్లమ్‌సన్, గోల్‌లో ఆల్సప్, ఆఖర్లో స్టాన్స్‌ఫీల్డ్‌ని ఫుల్‌హామ్ నుంచి 15 మిలియన్ పౌండ్ల దాకా పెట్టి కొన్నారని పేపర్లలో వచ్చింది. మూడో డివిజన్‌లో ఆ రేటు అప్పటిదాకా ఎవరూ కనీవినీ ఎరగరు. కాబట్టి 111లో డేవీస్‌ది ఎంత, బ్యాంకుది ఎంత అని ఎవడైనా అడిగితే నేను గొడవపడను. ఐనా డబ్బున్నా పాడుచేసుకోవచ్చు, అంతకుముందు ఏడాదే చేసి చూపించాం.

మొదటి మ్యాచ్ రెడింగ్‌తో ఇంట్లో 1-1, పక్క సీట్లో ఒకాయన మళ్లీ మొదలైందిరా అన్నాడు. ఆ తర్వాత సీజన్ మొత్తం మీద లీగ్‌లో ఓడింది మూడే.

---

బ్రమ్‌లో_బెజవాడోడు

ఇవాళ షిఫ్ట్‌లో పెద్దాయన్ని కదిపా, రూనీ అనకుండా నార్విచ్ మ్యాచ్‌కి వెళ్లారా అని మాత్రం అడిగా. వెళ్లాడంట. విజిల్ వేశాక ఎవరూ కదల్లేదంట చాలాసేపు, ఆయన పక్కన మనవడు ఉన్నాడంట, స్కోర్‌బోర్డు చూపించి గెలిచాం కదా తాతా అంటున్నాడంట. దానికేం చెప్పాలో తెలీక తినడానికి ఒక పై (pie) కొనిపెట్టి ఇంటికి తీసుకెళ్లాడంట.

జోలా గురించి మాత్రం అడగలేదు. ధైర్యం చాల్లేదు.