బార్బడోస్‌లో బీచ్ ఒడ్డున డిన్నర్: అమ్మ పక్కా వెజ్, నాన్నకి చేప ఉండాలి, ఎక్కడ తినాలి?

ఉప్పుగాలి:
హాయ్ అందరికీ, జూన్‌లో అమ్మానాన్నల్ని తీసుకుని బార్బడోస్ వెళ్తున్నాం, ఐదు రాత్రులు, హోటల్ సౌత్ కోస్ట్‌లో తీసుకున్నాం. నాన్న కోరిక ఒక్కటే, సముద్రం ఎదురుగా కూర్చుని సూర్యుడు మునుగుతుంటే చేప తినాలంట. అమ్మ గుడ్డు కూడా ముట్టదు, పక్క ప్లేట్లో చేప ఉన్నా పర్లేదు గానీ ఆ గరిటె తన ప్లేట్లోకి రాకూడదు. నెట్‌లో చూస్తే ఒక రెస్టారెంట్ మెనూలో చేప ప్లేటు 90 డాలర్లు అని ఉంది, నలుగురం తింటే ఎంతవుతుందో లెక్కేసి ఫోన్ పక్కన పెట్టేశా. ముందే బుక్ చేయాలా, టిప్ ఎంత ఇవ్వాలి, ఇంకేమైనా చూసుకోవాలా? వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.

నీలం_నీళ్ళు:
ముందు ఆ 90 సంగతి చెప్తా, కంగారు పడకండి, అది బార్బడోస్ డాలర్లు అయ్యుంటుంది. అక్కడ రెండు బార్బడోస్ డాలర్లకి ఒక అమెరికన్ డాలర్, 1975 నుంచీ అదే రేటు, మారదు. గుర్తు మాత్రం రెండిటికీ ఒకటే కాబట్టి కూర్చోగానే "ఇది ఏ డాలరు" అని అడిగేయండి, సిగ్గుపడాల్సిందేం లేదు. టిప్ విషయంలో నేను బోల్తా పడ్డా. బిల్లు కింద సర్వీస్ ఛార్జ్ 10 శాతం అప్పటికే వేసి ఉంది, కొవ్వొత్తి వెలుతుర్లో కనపడక నేను మళ్ళీ 20 శాతం రాసిచ్చా, వెయిటర్ ఏమీ అనలేదు, చిరునవ్వు నవ్వాడంతే. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. సో ఫోన్ లైట్ వేసుకుని బిల్లు చదవండి.

సూర్యాస్తమయం కావాలంటే వెస్ట్ కోస్ట్‌కే వెళ్ళాలి, హోల్‌టౌన్ నుంచి స్పైట్స్‌టౌన్ దాకా ఒడ్డంతా పడమర చూస్తూనే ఉంటుంది. ఈస్ట్ కోస్ట్‌లో బాత్‌షెబా అని ఉంది, పెద్ద పెద్ద రాళ్ళు, అలలు, చూడ్డానికి అద్భుతం, కానీ అది మధ్యాహ్నం భోజనానికి. జూన్‌లో సూర్యుడు 6:25 ప్రాంతంలో మునుగుతాడు, మునిగాక మనం అనుకున్నంత సేపు వెలుతురు ఉండదు, చకచకా చీకటి పడిపోతుంది. చాలామంది ఏడింటికి టేబుల్ బుక్ చేసుకుని చీకట్లో అలల చప్పుడు వింటూ తిని వస్తారు, డబ్బులు పెట్టింది వ్యూకి కదా! 5:45కి బుక్ చేయండి, రెయిలింగ్ పక్క టేబుల్ కావాలని ముందే చెప్పండి. ఇంకోటి, జూన్ అంటే సర్గాసమ్ ఉండొచ్చు, ఆ గోధుమరంగు నాచు 2011 నుంచీ కుప్పలు కుప్పలుగా కొట్టుకొస్తోంది, కుళ్ళితే కోడిగుడ్డు పాడైన కంపు. ఎక్కువగా ఈస్ట్, సౌత్ ఒడ్డుకే కొడుతుంది, వెస్ట్ వైపు బాగా తక్కువ. దానికోసమైనా అటే వెళ్ళండి.

వంటింటి_పిల్లి:
అమ్మగారి సంగతి నేను చెప్తా, నేనూ వెజ్జే. మెనూలో రైస్ అండ్ పీస్ అని చూసి హమ్మయ్య అనుకోకండి. పీస్ అంటే బఠాణీలు కాదు, మన కందులే, అందుకే రుచి బాగుంటుంది, కాకపోతే కొన్నిచోట్ల అందులో ఉప్పు పట్టించిన పంది మాంసం ముక్క వేసి ఉడికిస్తారు, పైకి కనపడదు. అడిగే తినాలి. మాకరోనీ పై (pie, చీజ్ వేసి ఓవెన్‌లో కాల్చిన పాస్తా) కూడా అంతే, చీజ్ మాత్రమే అనుకుంటాం, చాలామంది గుడ్డు కలుపుతారు. కూ-కూ అని వాళ్ళ జాతీయ వంటకం ఒకటుంది, మొక్కజొన్న పిండిని బెండకాయ ఉడికించిన నీళ్ళతో కెలికి కెలికి చేసే సంకటి లాంటిది, ఎగిరే చేప కూరతో పెడతారు. కూ-కూ విడిగా, కూర విడిగా ఇమ్మంటే అమ్మగారికి అదీ, నాన్నగారికి ఇదీ సరిపోతాయి. ముగ్గిన అరటిపండు వేపుడు, కాల్చిన సీమపనస దొరికితే వదలకండి. "నో మీట్" అని ఊరుకోకండి, కొంతమందికి చేప మీట్ లెక్కలోకి రాదు, "చేప వద్దు, కోడి వద్దు, గుడ్డు వద్దు" అని ఒక్కొక్కటీ విప్పి చెప్పండి.

శుక్రవారం_బ్యాచ్:
బ్రో, కొవ్వొత్తుల డిన్నర్ ఒక రాత్రి చాలు. శుక్రవారం రాత్రి ఓయిస్టిన్స్ వెళ్ళండి, మీరుండేది సౌత్ కోస్టే కాబట్టి దగ్గరే. జాలర్ల ఊరు, చేపల మార్కెట్ పక్కనే వరసగా స్టాల్స్, పొగ, మంట, రోడ్డు దాకా క్యూ. మార్లిన్, ట్యూనా ఏది కావాలంటే అది నిప్పుల మీద కాల్చి, పక్కన ఓ గడ్డ మాకరోనీ పై, సలాడ్ పెట్టి ఇస్తారు, పొడుగు బల్లల మీద ఎవరి పక్కనో ఇరుక్కుని తినాలి. సంగీతం హోరెత్తిస్తుంది, ఓ పక్క పాత పాటలకి పెద్దవాళ్ళు జంటలుగా పద్ధతిగా స్టెప్పులేస్తుంటారు, మీ నాన్నగారు అక్కణ్ణించి కదలరు చూస్కోండి. క్యాష్ పట్టుకెళ్ళండి. టాక్సీకి మీటర్ ఉండదు, ఎక్కేముందే రేటు మాట్లాడుకోండి, ఏ డాలరో కూడా 😀

పసుపు రంగు పెప్పర్ సాస్‌తో మాత్రం జాగ్రత్త. ఆవాల వాసన వస్తుంది, ఆవకాయ తిన్న నాలుక మనది ఇదేం చేస్తుందిలే అని నేను చేప మీద స్పూను నిండా పోసుకున్నా. స్కాచ్ బానెట్ మిరప అది, రెండు నిమిషాలు మాటే రాలేదు, పక్కన కూర్చున్న ముసలాయన నా వైపు చూసి బీరు జరిపాడు.

ఉప్పుగాలి:
అందరికీ థాంక్స్, అమ్మకి చదివి వినిపిస్తే కందులు అనగానే మొహం వెలిగింది. ఒక డౌట్, ఇంకో మెనూలో "డాల్ఫిన్" అని ఉంది, నిజంగా డాల్ఫిన్ తింటారా?? నాన్న అయితే ఆ ఊరే వద్దన్నారు.

నీలం_నీళ్ళు:
హహ కాదండీ, అది మాహీమాహీ, మామూలు చేపే, అక్కడ దాన్ని డాల్ఫిన్ అనే పిలుస్తారు. తెల్లటి గట్టి ముక్క, ముల్లు బాధ తక్కువ, నాన్నగారికి బాగా నచ్చుతుంది. అన్నట్టు, బీచ్‌లో ఎర్ర రంగు పట్టీ వేసిన చెట్టు కింద వానొస్తే నిలబడకండి, మాంచినీల్ అంటారు, దాని పాలు తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది, చిన్న పచ్చ యాపిల్‌లా ఉండే కాయని పొరపాటున కూడా నోట్లో పెట్టొద్దు. ఇంకా, మిలిటరీ డిజైన్ బట్టలు ఆ దేశంలో ఎవరూ వేసుకోకూడదు, పిల్లలైనా సరే, చట్టమే ఉంది.

ఉప్పుగాలి:
అయ్యో, నాన్న ట్రిప్ కోసమని కొనుక్కున్న షార్ట్స్ సరిగ్గా అదే డిజైన్ 🤦 సూట్‌కేస్‌లోంచి ఇప్పుడే తీసేశా, ఆయనకింకా చెప్పలేదు.