మొలలు ఉంటే మిరపకాయ మానాల్సిందేనా?

పరకాల_రైతుబిడ్డ: మాది మిరప పండించే ఇల్లు. విరేచనం తర్వాత ఎర్రగా నెత్తురు చుక్కలు పడుతుంటే చూపించుకున్నాను. మొలలు, రెండో దశ అన్నారు. ముక్కినప్పుడు బయటికొచ్చి వాటంతటవే లోపలికి పోతాయి, నొప్పి లేదు. ఆ రోజే అమ్మ తొక్కు డబ్బా అటకెక్కించింది. నిజంగా కారం వల్లేనా ఇది?

కాజీపేట_పెద్దాయన: ఇంకా అడుగుతావా తమ్మీ? వేడి చేసే తిండి అది. కారం, మాంసం బంద్ చెయ్యి. మజ్జిగ, పెరుగన్నం తిను.

హన్మకొండ_మందులషాపు: పెద్దాయనా, కారం మీద నింద వేస్తే అసలు దొంగ తప్పించుకుంటాడు. మొలలు రావడానికి పెద్ద కారణం ముక్కడం. మలం గట్టిపడితే ముక్కుతాం, ఆ ఒత్తిడికి మలద్వారం దగ్గరి రక్తనాళాలు ఉబ్బుతాయి. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం తెల్లన్నం, రాత్రి మళ్ళీ అదే అన్నం. పీచు ఎక్కడుంది? పైగా ఫోన్ పట్టుకుని బాత్రూంలో అరగంట. ఇటలీలో 50 మంది మొలల రోగులకు మిరప పొడి ఇచ్చి చూశారు, 2006లో అచ్చయింది. ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే బాధ పెరగలేదు.

కాజీపేట_పెద్దాయన: ఒక్క మోతాదు మాత్ర మింగించి తేల్చేశారా? మన ఎనుమాముల మిర్చి యార్డుకొచ్చే తేజ రకం కాయ రోజూ తిని చూడమనండి!

హన్మకొండ_మందులషాపు: అది న్యాయమైన మాటే, చిన్న పరీక్ష అది. ఫిషర్, అంటే అక్కడ చర్మం చీలిక ఉంటే మాత్రం కారం మంట పెంచుతుంది, మానడమే మేలు. విరేచనం అప్పుడు కోసినట్టు నొప్పి వస్తే అదే అనుమానించాలి. లోపలి మొలలకు సాధారణంగా నొప్పి ఉండదు. తమ్ముడికి నా సలహా: జొన్న రొట్టె, ఆకుకూర, రాత్రి ఇసబ్‌గోల్ అనే పీచు పొట్టు. దానితో నీళ్ళు దండిగా తాగకపోతే మలం ఇంకా బిగుస్తుంది, జాగ్రత్త. గోరువెచ్చటి నీళ్ళ టబ్బులో 10–15 నిమిషాలు కూర్చుంటే ఉపశమనం.

ములుగు_అక్క: కాన్పుకు ముందు నాకూ వచ్చాయి, ప్రసవమయ్యాక తగ్గాయి. కారం మానలేదు. సిగ్గుపడి ఎవరికీ చెప్పకపోవడమే ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

పరకాల_రైతుబిడ్డ: అన్నా, తిండి మార్చినా తగ్గకపోతే? మా ఊరి దారిలో ‘ఆపరేషన్ లేకుండా ఒక్క ఇంజక్షన్’ అని గోడ మీద రాసి ఉంది.

హన్మకొండ_మందులషాపు: గోడ రాతల జోలికి పోకు. ఇంజక్షన్ వైద్యం నిజమే కానీ, ఎవరు వేస్తున్నారన్నది చూసుకోవాలి. సర్జన్ దగ్గర రబ్బరు బ్యాండు వేస్తారు. రక్తం అందక మొల ఎండి కొద్ది రోజుల్లో రాలిపోతుంది. చాలావరకు మత్తు అక్కర్లేదు. మొలలు ఎప్పుడూ బయటే ఉండిపోయే నాలుగో దశకు సాధారణంగా ఆపరేషనే. ఇంకో మాట: నెత్తురంతా మొలలదే అనుకోవద్దు. వయసు నలభై ఐదు దాటినా, నల్లటి మలం, బరువు తగ్గడం, రక్తహీనత ఉన్నా పేగు క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి.

కాజీపేట_పెద్దాయన: సరే, ఆ పరీక్షల మాట ఒప్పుకుంటా. తొక్కు డబ్బా మాత్రం ఇంకో నెల అటక మీదే ఉండనీ తమ్మీ!