బార్లీ బీరులో గ్లూటెన్ నిజంగా పోతుందా?

డల్లాస్‌లో ఉంటాను. సీలియాక్ వ్యాధి (గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) బయటపడి రెండేళ్లయింది. మొన్న ఒక స్నేహితుడు ‘గ్లూటెన్ తీసేసిన బీరు’ అంటూ సీసా చేతిలో పెట్టాడు. తిప్పి చూస్తే వెనక చిన్న అక్షరాల్లో బార్లీ మాల్ట్! ఎంజైము కలిపి ఆ ప్రోటీన్‌ను ముక్కలు చేస్తారట. ముక్కలైతే విషం పోయినట్టేనా?

పులియబెట్టిన పదార్థాల్లో గ్లూటెన్‌ను సరిగా కొలిచే పద్ధతి లేదని అమెరికా ఆహార, ఔషధ సంస్థే 2020 నిబంధనల్లో ఒప్పుకుంది. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో 31 మంది రోగుల రక్తరసాన్ని పరీక్షిస్తే, ఇద్దరిది ఇలాంటి బీరుకు స్పందించింది. అయితే అది ప్రయోగశాల పరీక్షే, ఎవరికీ తాగించి చూసింది కాదు.

రోగులకు తాగించి, పేగు బయాప్సీతో తేల్చిన పరిశోధన ఏదైనా ఉంటే చెప్పండి. అందాకా నాకు జొన్న బీరే గతి. రుచి సంగతి అడగకండి.